నాలుగో దశాంశం

బస్సు దిగిన మొదటిరోజు
హన్మకొండ చౌరస్తా చుట్టు మూడుసార్లు తిరిగి
మళ్ల అదే చెప్పుల దుకాణం ముంగట తేలిన.
అడుగుదామంటే నోరు పెగల్లే.
ఏటూరునాగారం పొల్లకు తొవ్వ తెల్వదని
చౌరస్తాకంతా ఎరుకైతదని సిగ్గు.

అసుంటిదాన్ని,
ఇప్పుడు శనివారం పొద్దుగాల
ఎంజీఎం చీటీల కిటికీ కాడ నిలబడి
పదిమందికి తొవ్వ చెప్తాన.
ఎన్నెస్సెస్ బ్యాడ్జి పిన్నీసుకు
చున్నీ అంచు జల్లెడైంది.

చీటీ మీద పేరు రాయాలె, వయసు రాయాలె.
"ఎన్నేండ్లుంటయవ్వా నీకు?" అంటే
తాడ్వాయి నుంచొచ్చిన పాయం లచ్చక్క
"వాగు పొంగి గొడ్లు కొట్టుకపోయిన ఏడు
మా నడిపోడు చంకల ఉండె.
సదువుకున్నదానివి, నువ్వే జూడు" అన్నది.
ఇంటర్ల డెబ్బై అయిదుకు డెబ్బై మూడొచ్చిన నా లెక్కలు
ఆమెకు అరవై రెండేండ్లు ఇచ్చినయి.
"అంతనా!" అని బుగ్గలు తడుముకున్నది.

మొదట్ల బోర్డులే చదివి చెప్పేదాన్ని.
కండ్లకు పదకొండో గది, బొక్కలకు ఏడు.
పోయినోళ్లు పోయినట్టే తిరిగొచ్చి
నా మొకం దిక్కే చూసేటోళ్లు.
అప్పుడు మాట మార్చిన:
"ఆకుపచ్చ పరదా దాటు, నీళ్ల డ్రమ్ము వస్తది,
దాని పక్కపొంటి
చెప్పులు ఎక్కువున్న తలుపే కండ్లది."
ఇగ ఎవ్వరు తిరిగి రాలే.

అదేం సంబురమో!
శనివారం బుధవారాన్ని తోలుకొచ్చింది,
బుధవారం వెనుక గురువారం.
హాస్టల్ల నస్రీన్ నా పళ్లెం మీద ఇంకో పళ్లెం బోర్లిస్తే
రాత్రి తొమ్మిదింటికి సల్లటి పప్పు.
"మీ అమ్మ నాలుగుసార్లు చేసింది" అంటే
రేపు చేస్తా అనేదాన్ని.
ఎవలన్న "సల్లగుండు బిడ్డా" అంటే
ఆ మాట నెత్తి మీద పెట్టుకొని నడిచిన,
కిందికి చూస్తే పడిపోతదన్నట్టు.

కెమిస్ట్రీ ఇంటర్నల్‌ల ఇరవైకి నాలుగు.

విమలా మేడం తిట్టలే.
ల్యాబుల అందరు పోయినంక
ఒక్క గ్రాము ఉప్పు తూచుమన్నది.
అద్దాల పెట్టెల త్రాసు.
అంకెలు నిలువయి,
ఎక్కుతయి, దిగుతయి, మొండి చేస్తయి.
"తలుపు మూయలే నువ్వు.
వంగి చూస్తాన్నవు గదా, నీ ఊపిరి గూడ తూగుతాంది."
మూసిన.
మూడంకెలు నిలబడ్డయి.
చివరిది మిణుకు మిణుకుమంటనే ఉంది.
"అది గట్లనే ఉంటది. రాసుకో" అని
కొంగుతోని కండ్లద్దాలు తుడుచుకున్నది.

ఆ బుధవారం పోలే.
రికార్డు ముంగటేసుకొని కూసున్ననే గాని
ఎనుమాముల దిక్కు నుంచి మిర్చి ఘాటు లేసి
దగ్గొచ్చిన ప్రతిసారి
కిటికీ కాడి లైనే కండ్లల్ల.
ఎవరు చెప్తాండ్రో, ఎవరు తప్పుతాండ్రో.
అమ్మకు నేనే చేసిన.
"ఏమైందే, పానం మంచిగుందా?" అని భయపడ్డది.

శనివారం పోయేసరికి
లచ్చక్క, మందుల సంచి చంకల బెట్టుకొని,
ఎవలో ముసలాయనకు చెయ్యి చాపి చెప్తాంది,
"డ్రమ్ము పక్కపొంటి, చెప్పులెక్కువున్న తలుపు."
నా మాటే.
నేను లేని రోజుల్ల గూడ నడిచిన మాట.
"ఆకుపచ్చ పరదా దాటినంక తాతా" అని
ముంగటికొచ్చి కలిపిన.
"యాడిది పొల్లా ఆకుపచ్చది?
మొన్ననే మార్చిండ్రు, నీలిది ఇప్పుడు.
వచ్చినోళ్లను ఆగం జేస్తవా?" అని కసిరింది.

లైనంతా నవ్వింది. నేను గూడ.

పన్నెండింటికి బ్యాడ్జి తీసి పర్సుల ఏసుకున్న.
సోమవారం మళ్ల పరీక్ష.
కరీమాబాదుల ఎవలో సీనియర్ కాడ
పాత పుస్తకాలున్నయని నస్రీన్ చెప్పింది.
ఆ దిక్కు నేనెప్పుడు పోలే.
గేటు ముంగట జామకాయల బండి ముసలాయన
కాయ కోసి ఉప్పుకారం అద్దుతాంటె
"తాతా, కరీమాబాదుకు తొవ్వెటు?" అని
గట్టిగనే అడిగిన.